నీళ్లగిన్నె పక్కన పెట్టండి!

ఆ మధ్య ఓ ఆదివారం పొద్దున్నే ఫోను. అవతల తెనాలి వైపు పల్లెటూళ్లో ఉండే రిటైర్డు మాస్టారు. ఎప్పుడో ఒకసారి స్టాంపుల ప్రదర్శనలో కలిశాం. అంతకుమించి పరిచయం లేదు.

"ఏమండీ, పాతింటి అటక దులుపుతుంటే మా నాన్నగారి ట్రంకుపెట్టె బయటపడింది. దాన్నిండా అమెరికా కవర్లే! మా అన్నయ్య అక్కణ్నుంచి రాసినవి. ఉత్తరాలు లేవు, ఖాళీ కవర్లు. నాన్న వాటిలో శిస్తు రసీదులు పెట్టుకునేవారు. వాటిమీద ఎయిర్‌మెయిల్ స్టాంపులున్నాయి. చంద్రుడి మీద మనిషి దిగుతున్న బొమ్మవి కూడా ఉన్నాయి. ఏమన్నా ధర పలుకుతాయంటారా? అమెరికా విమానం స్టాంపు ఒక్కటి కోట్లకు పోయిందట కదా!"

"ఇప్పుడవి ఎక్కడున్నాయి మాస్టారూ?"

"మా మనవడు కత్తిరించి గిన్నెలో వేస్తున్నాడండీ. నానితే ఊడొస్తాయిగా!"

"ముందు ఆ గిన్నె పక్కన పెట్టించండి! మిగతా కవర్లు ముట్టుకోవద్దనండి!" అన్నాను. నా గొంతు కాస్త పెద్దదే అయినట్టుంది. ఆయన కంగారుపడి "ఒరేయ్, ఆపరా!" అని కేకేశారు. అప్పటికే ఆరు కవర్లు అయిపోయాయి. ఇంకో పాతిక మిగిలాయి.

స్టాంపులు దాచే అలవాటున్న వాళ్లందరం చిన్నప్పుడు చేసిన పనే ఆ కుర్రాడూ చేశాడు. కవరు మూల కత్తిరించడం, నీళ్లలో వేయడం, స్టాంపు ఊడాక పాత పుస్తకం పేజీల మధ్య ఆరబెట్టడం. నేనూ అలాగే చేశాను. మేనమామ రాసిన ఉత్తరాల నుంచి ముప్ఫై స్టాంపులు తీసి ఆల్బంలో అంటించుకుని, కవర్లన్నీ పొయ్యిలోకి పంపాను. అదెంత తెలివితక్కువ పనో తెలిసేసరికి నాకు నలభై ఏళ్లొచ్చాయి. ఎందుకో చెప్పాలంటే, మాస్టారు అడిగిన ఆ కోట్ల స్టాంపు దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

తలకిందుల విమానం

1918 మే నెల. అమెరికా తపాలాశాఖ వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ నగరాల మధ్య విమానాల్లో ఉత్తరాలు పంపాలని నిర్ణయించింది. దానికోసం 24 సెంట్ల ప్రత్యేక స్టాంపు వేశారు. ఎర్రటి చట్రం, మధ్యలో నీలిరంగు విమానం. ఆ విమానం పేరు కర్టిస్ జెన్నీ. రెండు రంగులు కాబట్టి ఒక్కో షీటూ యంత్రంలోకి రెండుసార్లు వెళ్లాలి. రెండోసారి పెట్టేటప్పుడు కాగితం అటుదిటు అయితే? చట్రం తిన్నగా, విమానం తలకిందులుగా వస్తుంది!

సరిగ్గా అలాగే జరగొచ్చని ఊహించినవాడు ఒకడున్నాడు. పేరు విలియం రోబీ. వాషింగ్టన్‌లో ఓ ఆర్థిక సంస్థలో గుమాస్తా. స్టాంపుల పిచ్చి ఉన్నవాడు. రెండు రంగుల స్టాంపు కదా, తప్పు దొర్లే అవకాశం ఉంది, కాస్త చూస్తుండమని మిత్రుడికి ముందే ఉత్తరం కూడా రాశాడు. మే 14న పోస్టాఫీసుకి వెళ్లి 24 డాలర్లిచ్చి 100 స్టాంపుల షీటు అడిగాడు. గుమాస్తా చేతికిచ్చిన షీటులో నూటికి నూరు విమానాలూ తలకిందులే! ఇంకా ఇలాంటివి ఉన్నాయా అని రోబీ అడిగేసరికి ఆ గుమాస్తాకి అనుమానం వచ్చింది. తపాలాశాఖ మనుషులు వచ్చి షీటు తిరిగి ఇచ్చేయమన్నారు. రోబీ ఇవ్వలేదు.

వారం రోజుల్లోనే ఫిలడెల్ఫియా వ్యాపారి యూజీన్ క్లైన్ దాన్ని 15,000 డాలర్లకు కొన్నాడు. ఆయన దగ్గర కల్నల్ ఎడ్వర్డ్ గ్రీన్ అనే కోటీశ్వరుడు 20,000 డాలర్లకు తీసుకున్నాడు. క్లైన్ సలహా మీద షీటును విడగొట్టి అమ్మారు. విడగొట్టే ముందు ప్రతి స్టాంపు వెనకా పెన్సిలుతో వరస నంబరు వేశారు. అందుకే ఇవాళ్టికీ వాటిని 49వ నంబరు, 76వ నంబరు అని పిలుస్తారు. గ్రీన్ ఒక స్టాంపును లాకెట్‌లో పెట్టించి భార్యకిచ్చాడు. నాలుగు స్టాంపుల ముక్క ఒకటి ఎథెల్ మెకాయ్ అనే సేకర్త దగ్గరికి చేరింది. 1955లో నార్‌ఫోక్‌లో జరిగిన ప్రదర్శనలో దాన్ని దొంగలెత్తుకుపోయారు. ఆ నాలుగింట్లో మూడు ఒకటొకటిగా దొరికాయి. మూడోది దొరికింది 2016లో! ఇక ఆ 49వ నంబరు స్టాంపు 2023 నవంబరులో వేలానికొస్తే 20 లక్షల డాలర్లు దాటి పలికింది. మాస్టారు విన్నది దాని గురించే.

వినడానికి బాగానే ఉంది. కానీ ఓ సంగతి గమనించండి. తెలిసిన ఆ తలకిందుల జెన్నీల్లో ఏ ఒక్కటీ ఉత్తరం మీద ప్రయాణం చేసినట్టు దాఖలా లేదు. అన్నీ కొత్తవే. ముద్ర పడనివే. ప్రపంచంలోకెల్లా పేరున్న ఎయిర్‌మెయిల్ స్టాంపు ఎవరి ఉత్తరాన్నీ ఎక్కడికీ మోయలేదన్నమాట!

మోసినవాటి కథ వేరు

మరి ఎగిరినవాటి సంగతి? రోబీ షీటు కొన్న మర్నాడే, మే 15న, తొలి విమానం బయల్దేరింది. వాషింగ్టన్‌లో అధ్యక్షుడు వుడ్రో విల్సన్ స్వయంగా వచ్చి నిలబడ్డారు. పైలట్ జార్జ్ బాయిల్. ఇంజను ఎంతకీ రాజుకోలేదు. తీరా చూస్తే ట్యాంకులో పెట్రోలు లేదు! పోసుకుని ఎగిరాడు. వెళ్లాల్సింది ఉత్తరానికి. తప్పు రైలుపట్టాలు పట్టుకుని దక్షిణం వైపు పోయాడు. దారి తప్పానని తెలిసి మేరీలాండ్‌లోని వాల్డార్ఫ్ దగ్గర పొలంలో దిగబోతే ప్రొపెల్లరు విరిగింది. ఆ విమానం నంబరు 38262. స్టాంపు మీది బొమ్మలో ఉన్నదీ అదే నంబరు! న్యూయార్క్ వైపు నుంచి బయల్దేరిన ఉత్తరాలు మాత్రం ఆ రోజే వాషింగ్టన్ చేరాయి.

ఆ రోజు కవర్ల మీద తేదీతోపాటు 'మొదటి ప్రయాణం' అని చెప్పే ప్రత్యేక ముద్ర వేశారు. ఆ 24 సెంట్ల స్టాంపులు 21 లక్షలకు పైగా బయటికొచ్చాయి. అంటే స్టాంపు మరీ అరుదేం కాదు. కానీ అదే స్టాంపు, ఆ ముద్రతో, ఆ తేదీతో, చిరునామా రాసిన కవరు మీద ఉంటే? దాని విలువే వేరు. మొదటి రోజు గాల్లోకి లేచిన సంచిలో తానూ ఉన్నానని అది సాక్ష్యం చెబుతుంది. నీళ్లలో వేస్తే ఆ సాక్ష్యం పోయి రంగుకాగితం మిగులుతుంది.

అప్పట్లో మామూలు ఉత్తరానికి 3 సెంట్లు. విమానంలో అయితే 24. ఎనిమిది రెట్లు! అందులో 10 సెంట్లు ఇంటికి ప్రత్యేకంగా చేర్చే రుసుం. జనం ముందుకు రాలేదు. జులైలో 16 సెంట్లకు దించారు. డిసెంబరులో 6 సెంట్లు చేశారు. అదే జెన్నీ బొమ్మతో ఆకుపచ్చ స్టాంపు ఒకటి, నారింజ రంగు స్టాంపు ఒకటి వచ్చాయి. నీలం, ఆకుపచ్చ, నారింజ... ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే, తపాలాశాఖ ఏడు నెలల్లో జనాన్ని ఎలా బతిమాలుకుందో తెలిసిపోతుంది.

ఆ తర్వాత సేవ దేశం ఆ చివర నుంచి ఈ చివరకు పాకింది. పగలు విమానం, చీకటి పడగానే రైలు. ఇలాగైతే విమానం దేనికన్నారు. 1921 ఫిబ్రవరి 22న రాత్రి కూడా ఎగిరి చూశారు. దారి తెలియడానికి కింద అక్కడక్కడా రైతులు, తపాలా సిబ్బంది మంటలు వేశారు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్క్‌కు ఉత్తరాలు 33 గంటల 20 నిమిషాల్లో చేరాయి. ఆ రాత్రి నార్త్‌ప్లాట్ నుంచి షికాగో దాకా మంచులో, చీకట్లో సంచులు మోసినవాడు జాక్ నైట్. అదే ప్రయత్నంలో నెవాడాలో విమానం కూలి ఇంకో పైలట్ చనిపోయాడు. 1918 నుంచి 1927 దాకా తపాలా విమానాలు నడుపుతూ ప్రాణాలు పోగొట్టుకున్న పైలట్లు 30 మందికి పైనే. 1927లో ఒంటరిగా అట్లాంటిక్ దాటిన లిండ్‌బర్గ్ కూడా ఆ ముందు ఏడాది తపాలా పైలటే. ఉత్తరాలు మోస్తూ రెండుసార్లు పారాచూట్‌తో దూకాల్సి వచ్చింది.

మంటల స్థానంలో దారిపొడవునా దీపస్తంభాలు వచ్చాయి. న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దారిని మూడు భాగాలు చేసి, ఒక్కో భాగానికి 8 సెంట్లన్నారు. 1923లో వేసిన 8, 16, 24 సెంట్ల స్టాంపుల లెక్క అదే. 1928లో 5 సెంట్ల స్టాంపు మీద కొండమీది దీపస్తంభాన్నే బొమ్మగా వేశారు. అదీ ఎరుపు, నీలం రెండు రంగులే. పది కోట్లకు పైగా అమ్ముడైంది. అందుకే వాడినది ఇవాళ్టికీ చవగ్గానే దొరుకుతుంది. నన్నడిగితే అమెరికా విమాన తపాలా కథంతా ఆ చవక స్టాంపులోనే ఉంది.

కూలిన విమానాల్లోంచి బయటపడ్డ ఉత్తరాలను కూడా తపాలాశాఖ పారేసేది కాదు. ప్రమాదంలో దెబ్బతిన్నదని ముద్ర వేసి చిరునామాకు చేర్చేది. అంచులు కాలి, సిరా కారిపోయి, కొన్నిసార్లు స్టాంపే ఊడిపోయి ఉంటాయవి. సేకర్తలు వాటికోసం పడిగాపులు పడతారు. స్టాంపు లేని కవరుకు స్టాంపుల సేకర్తలు డబ్బు పెట్టడం వింతగా లేదూ?

మన అలహాబాద్ ముద్ర

వింతేం లేదు. దీనికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. ప్రపంచంలో మొట్టమొదటి అధికారిక విమాన తపాలా నడిచింది మన దేశంలోనే. అమెరికా కంటే ఏడేళ్లు ముందు, 1911 ఫిబ్రవరి 18న. అలహాబాద్ ప్రదర్శన మైదానం నుంచి యమున దాటి నైనీకి, దాదాపు 10 కిలోమీటర్లు. పైలట్ ఫ్రాన్సు దేశస్థుడు హెన్రీ పెకే. సంచిలో సుమారు 6,500 ఉత్తరాలు.

దానికి ప్రత్యేక స్టాంపేదీ వేయలేదు. అప్పుడు వాడుకలో ఉన్న మామూలు స్టాంపులే అంటించారు. ప్రత్యేకమైనదల్లా విమానం బొమ్మతో కొట్టిన ముద్ర. ఇప్పుడు చెప్పండి... ఆ కవర్లలో ఒకటి ఏ తాతగారి పెట్టెలోనో దొరికి, దాన్ని మనం నీళ్లలో వేశామనుకోండి. చేతికొచ్చేది ఎక్కడైనా దొరికే అణా కానీ స్టాంపు. గిన్నెలో మిగిలేది చరిత్ర!

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి

పాత అమెరికా ఎయిర్‌మెయిల్ అనగానే లక్షలు కావాలని భయపడకండి. 1930లో గ్రాఫ్ జెప్పలిన్ ఆకాశనౌక ప్రయాణం కోసం వేసిన మూడు స్టాంపుల్లాంటివి ఖరీదైనవే. మూడూ కలిపి ముఖవిలువే 4 డాలర్ల 55 సెంట్లు. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఎవరు కొంటారు? పది లక్షల చొప్పున అచ్చేస్తే, లక్ష చొప్పున కూడా అమ్ముడుపోలేదు. మిగతావి నాశనం చేశారు. అందుకే ఆ ధర.

అలా కాకుండా 1938 దగ్గర మొదలుపెట్టొచ్చు. విమాన తపాలాకు 20 ఏళ్లు నిండాయని ఆ మే నెలలో అమెరికా అంతటా వారోత్సవాలు చేశారు. గద్ద బొమ్మతో 6 సెంట్ల స్టాంపు వేశారు. దాని నమూనా గీసిచ్చింది అధ్యక్షుడు రూజ్‌వెల్ట్. ఆయనా స్టాంపుల సేకర్తే! ఆ వారం వేలాది ఊళ్లు తమ ఊరి గుడో, గనో, వంతెనో, పంటో బొమ్మగా చెక్కించి కవర్ల మీద ముద్ర కొట్టుకున్నాయి. ఏ ఊరి ముద్ర ఆ ఊరిదే. ఇప్పటికీ తక్కువ ధరకే దొరుకుతాయి. ఒక్కో కవరూ ఒక్కో ఊరి పరిచయం.

ఇక మన ఇళ్లలో ఉండేవి వేరు. 1965లో అమెరికా వలస చట్టం మారాక మన డాక్టర్లు, ఇంజనీర్లు అక్కడికి వెళ్లడం పెరిగింది. ఫోను మాట్లాడటమంటే పెళ్లంత పని. ఉత్తరమే దిక్కు. అలా వచ్చిన కవర్లు తెలుగునాట ఎన్ని ట్రంకుపెట్టెల్లో ఉన్నాయో! వాటిమీది స్టాంపులకు మార్కెట్లో పెద్ద ధర రాదని ముందే చెబుతున్నా. మాస్టారి చంద్రుడి స్టాంపు 1969 సెప్టెంబరులో వచ్చిన 10 సెంట్లది. దాని అసలు అచ్చుదిమ్మెను అపోలో-11 చంద్రుడి దాకా తీసుకెళ్లి తెచ్చింది. గొప్ప స్టాంపే. కానీ 15 కోట్లకు పైగా అచ్చయింది. అమ్మితే కాఫీ ఖర్చులకు కూడా చాలదు.

అయినా కవరు దాచండి. స్టాంపు కత్తిరించొద్దు, నానబెట్టొద్దు. సెల్లోటేపు, లామినేషన్ అసలే వద్దు. గోదావరి, కృష్ణా జిల్లాల్లాంటి ఉక్క ప్రాంతాల్లో కవర్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి. మధ్యన తెల్లకాగితం పెట్టి, కట్ట బిగించకుండా, తడి తగలనిచోట ఉంచండి. వెనకవైపు తప్పకుండా చూడండి. అప్పట్లో చేరిన ఊరి పోస్టాఫీసు కూడా తేదీ ముద్ర వేసేది. ముందు బయల్దేరిన రోజు, వెనక చేరిన రోజు. ఆ రెండు తేదీల మధ్య ఒక ఉత్తరం ప్రయాణం ఉంటుంది.

ఆ పాతిక కవర్లు

ఇదంతా మాస్టారికి ఫోనులోనే చెప్పాను. డబ్బు రాదనేసరికి కొంచెం నీరసపడ్డారు. "సరే లెండి, తేదీలు చూసి వరసగా పెడతాను" అని పెట్టేశారు.

నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఫోను. ఈసారి ధర మాట ఎత్తలేదు.

"మీకో సంగతి చెప్పాలండీ. 1970 నవంబరు 9న మా అమ్మ పోయింది. అన్నయ్య రాలేకపోయాడు. టెలిగ్రాం ఇచ్చాం. దానికి జవాబుగా ఒక్క ముక్కా రాయలేదని ఇంట్లో అందరికీ కోపం. మేనత్తలైతే వాడి పేరెత్తితే మండిపడేవాళ్లు. నేను రాశానని వాడంటే ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. ఆ మాట మీద మా మధ్య రాకపోకలే తగ్గిపోయాయి."

"ఊఁ..."

"నిన్న కవర్లు సర్దుతుంటే ఒకటి దొరికింది. రెండు చంద్రుడి స్టాంపులు, పక్కన ఇంకోటి. అమెరికా ముద్ర నవంబరు 13. వెనక మా ఊరి పోస్టాఫీసు ముద్ర నవంబరు 24. అంటే వాడు టెలిగ్రాం అందగానే రాశాడండీ! పెద్దకర్మ అయ్యాక వచ్చింది. నాన్న పేరుమీదే ఉంది. పక్కన చించి కూడా ఉంది. లోపల 71వ సంవత్సరం శిస్తు రసీదు. ఉత్తరం మాత్రం లేదు."

"మరి నాన్నగారు ఎవరికీ చెప్పలేదా?"

"అదే తెలియడం లేదు. మనిషి మాట్లాడటమే మానేశారు కదండీ అప్పట్లో. చదువుకుని ఎక్కడ పెట్టారో..." కాసేపు ఆగారు. "రాత్రి అన్నయ్యకు ఫోను చేశాను. ఎనభై దాటాయి వాడికి. కవరు దొరికిందిరా అన్నాను. ఏమీ అనలేదు. కాసేపయ్యాక, స్టాంపులు ఏం అంటించానురా అని అడిగాడు. చంద్రుడివి అన్నాను. అవును, ఆ రోజు పోస్టాఫీసులో అవే ఇచ్చారు అన్నాడు."

నానబెట్టిన ఆరింట్లో కూడా రెండు చంద్రుడి స్టాంపులున్నాయట. వాటి కవర్లు ఏ ఊరి నుంచి, ఏ తేదీన వచ్చాయో ఇక తెలుసుకునే దారి లేదు. మనవడు వాటిని ఆల్బంలో అంటించుకున్నాడు. ఈ 13వ తేదీ కవరును మాత్రం మాస్టారు ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. శిస్తు రసీదు కూడా తీయలేదట. నాన్న పెట్టినట్టే ఉండనిద్దామన్నారు.

మీ ఇంట్లో అటక మీద పెట్టె ఉంటే ఒకసారి దించి చూడండి. గిన్నె, కత్తెర దగ్గర్లో లేకుండా చూసుకోండి.